ఆగిపోయిన బిల్లు నుంచి పరిశోధన ప్రశ్న దాకా: చట్టం, వ్యాపారం, ప్రజావిధానం కలిసే చోట పరిశోధన చేయడం ఎలా

విశ్వవిద్యాలయాల్లో న్యాయశాస్త్రం ఒక భవనంలో, మేనేజ్‌మెంట్ మరో భవనంలో, ప్రభుత్వ పాలనాశాస్త్రం ఇంకో భవనంలో ఉంటాయి. చిన్న పరిశ్రమ నడిపే మనిషికి రావాల్సిన సొమ్ము ఆగిపోయినప్పుడు మాత్రం ఈ మూడూ అతని చేతిలోని ఒకే బిల్లు మీదకు వస్తాయి. ఎన్ని రోజుల్లో చెల్లించాలో చట్టం చెబుతుంది. చెల్లించని పార్టీతోనే రేపు మళ్లీ పని పడుతుందని వ్యాపారం గుర్తుచేస్తుంది. ఆ గడువును ఎవరి చేత, ఏ ఒత్తిడితో అమలు చేయించాలన్నది ప్రజావిధానం తేల్చాలి. ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్ రాయబోయేవారు, ఎంబీఏ ప్రాజెక్టును లోతుగా చేద్దామనుకునేవారు, పీహెచ్‌డీకి సినాప్సిస్ సిద్ధం చేసుకుంటున్నవారు ఇలాంటి విషయాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా నడిపించాలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఆలస్యంగా అందే చెల్లింపులు అనే ఒకే ఉదాహరణతో ఇక్కడ వివరిస్తాను.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది

చాలామంది విద్యార్థులు పరిశోధనాంశాన్ని లైబ్రరీలో వెతుకుతారు. అందువల్లనే "భారతదేశంలో చిన్న పరిశ్రమల సమస్యలు – ఒక అధ్యయనం" వంటి శీర్షికలు ఏటా పుడుతుంటాయి. ఆ శీర్షిక కింద ఏది రాసినా సరిపోతుంది కనుక, ఏది రాసినా ఏమీ తేలదు. నా సలహా వేరు. శీర్షిక గురించి ఆలోచించడానికి ముందే హైదరాబాద్ బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో తెలిసినవారి ద్వారా ఒక లేత్ షెడ్డుకు వెళ్లి, యజమాని అనుమతితో ఒక పూట కూర్చోండి. బిల్లుల ఫైలు చూపించమని అడగండి. ఒక్కో బిల్లుకు నాలుగు తేదీలు ఉంటాయి: సరుకు పంపిన తేదీ, కొనుగోలుదారు సరుకును అంగీకరించిన తేదీ, బిల్లు లెక్కలోకి ఎక్కిన తేదీ, సొమ్ము బ్యాంకులో పడిన తేదీ. చలాన్ వెనుక అవతలి స్టోర్ కీపర్ పెన్నుతో వేసిన సంతకం, దాని కింది తేదీ చాలా ముఖ్యం, ఎందుకంటే చట్టంలోని గడియారం తిరగడం మొదలయ్యేది సరుకును అంగీకరించిన రోజు నుంచి. ఆ తేదీ లేని చలాన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మీ పరిశోధనలో మొదటి అంకె అదే.

ఆ తర్వాత చట్టం తెరవండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టంలో సెక్షన్ 15 ప్రకారం కొనుగోలుదారుకూ సరఫరాదారుకూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని, నెలనెలా చక్రవడ్డీగా, కట్టాలని సెక్షన్ 16 చెబుతుంది. సెక్షన్ 18 కింద, ఇలాంటి చెల్లింపు వివాదాలను తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు; అక్కడికి వెళ్లిన వివాదాన్ని 90 రోజుల్లో తేల్చాలని చట్టమే అంటోంది. కౌన్సిల్ ఇచ్చిన ఉత్తర్వును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే, సెక్షన్ 19 ప్రకారం, ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి.

ఈ వడ్డీ ఎంత బరువైనదో కాగితం మీద లెక్క వేసుకోకపోతే అర్థం కాదు. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లపాటు బ్యాంకు రేటు 6.75 శాతంగా ఉంది. మూడు రెట్లు అంటే ఏడాదికి 20.25 శాతం, నెలకు దాదాపు 1.69 శాతం. 4 లక్షల రూపాయల బిల్లు గడువు దాటి ఆరు నెలలు ఆగితే వడ్డీయే 42 వేల రూపాయలు దాటుతుంది. పైగా ఈ వడ్డీని కొనుగోలుదారు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదని సెక్షన్ 23 అంటుంది.

ఇంత పదునైన చట్టం చేతిలో ఉండి కూడా షెడ్డు యజమానులు ఫిర్యాదు చేయడానికి ఎందుకు వెనకాడతారు? చట్టానికీ ఆచరణకూ మధ్య ఉన్న ఈ దూరమే పరిశోధన పుట్టే చోటు. మన ఉదాహరణలో దీనికి ఒక పాత ఆధారం కూడా ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ న్యాయాచార్యుడు స్టీవర్ట్ మెకాలే ఆ రాష్ట్ర తయారీదారులతో మాట్లాడి 1963లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాపారులు తమ మధ్య తగాదాలను తీర్చుకోవడానికి ఒప్పందపు షరతులను గానీ కోర్టులను గానీ అరుదుగానే ఆశ్రయిస్తారని, సంబంధం చెడకుండా చూసుకోవడానికే ఎక్కువ విలువ ఇస్తారని తేల్చాడు. పాత బాకీ కోసం కేసు వేస్తే కొత్త ఆర్డరు పోతుందన్న భయం మన ఆటోనగర్‌లకే ప్రత్యేకం కాదన్నమాట. అయితే ఆ అధ్యయనాన్ని సాహిత్య సమీక్షలో ఒక వాక్యంగా పెట్టి వదిలేయకూడదు. విస్కాన్సిన్ తయారీదారుల పరిస్థితీ మన షెడ్డుల పరిస్థితీ ఒకటేనని అనుకోలేం. ఒకే పెద్ద కంపెనీకి జాబ్ వర్క్ చేసే సూక్ష్మ సంస్థకు ఆ కంపెనీతో సమానంగా బేరమాడే బలం లేదు. ఈ తేడాను మీరే పట్టుకుని చూపాలి.

విధానం మారిన క్షణాన్ని పట్టుకోవడం

ప్రజావిధానంపై పరిశోధన చేసేవారికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది, నిబంధన మారిన ఒక కచ్చితమైన తేదీ. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 43బికి (హెచ్) అనే క్లాజును చేర్చింది. అది 2024-25 మదింపు సంవత్సరం నుంచి, అంటే 2023-24 ఆర్థిక సంవత్సరపు లెక్కల నుంచి, అమలులోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు సెక్షన్ 15 గడువు లోపల చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. నిజంగా చెల్లించిన ఏడాదిలో మాత్రమే చూపుకోగలడు.

రెండు పద్ధతుల మధ్య తేడా గమనించండి. 2006 చట్టం బలహీనుడిని కదలమంది: నీవే ఫిర్యాదు చెయ్యి, నీవే కౌన్సిల్ చుట్టూ తిరుగు అంది. 2023 సవరణ ఆ భారాన్ని కొనుగోలుదారు ఆడిటర్ మీదకు మార్చింది. సరఫరాదారు నోరు తెరవనక్కర లేదు. గడువు దాటి మార్చి 31న పుస్తకాల్లో మిగిలిన బకాయి దానంతట అదే పన్ను భారంగా మారుతుంది. ఒకే లక్ష్యం, రెండు వేర్వేరు అమలు మార్గాలు. ఏది పనిచేసింది, ఎవరికి పనిచేసింది అన్నది గట్టి పరిశోధన ప్రశ్న. ఇది న్యాయశాస్త్ర విద్యార్థి ఒక్కడే తేల్చగలిగేది కాదు, ఎంబీఏ విద్యార్థి ఒక్కడే తేల్చగలిగేదీ కాదు.

ప్రశ్నను ఇప్పుడు ఒక వాక్యంలో రాయండి. ఎవరు, ఎక్కడ, ఏ కాలం, ఏ మార్పు, దేనితో పోలిక అన్న అయిదూ ఆ వాక్యంలో ఉండాలి. మచ్చుకు ఇలా: "2021-22 నుంచి 2024-25 వరకు తెలంగాణలో నమోదైన ఇంజనీరింగ్ కంపెనీలు తమ సూక్ష్మ, చిన్న సరఫరాదారులకు చెల్లించే కాలవ్యవధి 43బి(హెచ్) అమలు తర్వాత తగ్గిందా, తగ్గితే ఆ తగ్గుదల మధ్యతరహా సరఫరాదారులకు కూడా వర్తించిందా?" చివరి భాగం అలంకారం కోసం పెట్టినది కాదు. మధ్యతరహా సంస్థలకు సెక్షన్ 15 రక్షణ లేదు కనుక వారు సహజమైన పోలిక సమూహం అవుతారు. వడ్డీ రేట్లు గానీ గిరాకీ గానీ మారి చెల్లింపులు మెరుగుపడి ఉంటే ఆ మెరుగుదల ఇద్దరిలోనూ కనిపిస్తుంది. చట్టం వల్లనే అయితే ఒకరిలోనే కనిపించాలి. చిల్లర, టోకు వర్తకులు మరో పోలిక సమూహం: 2021 జూలై నుంచి వారికి ఉద్యం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అధికారిక నమోదు) అవకాశం ఇచ్చారు గానీ, దాని ప్రయోజనాన్ని ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేశారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సంస్థల వర్గీకరణ పరిమితులు 2020 జూలై 1న మారాయి, 2025 ఏప్రిల్ 1న మళ్లీ పెరిగాయి. చిన్న సంస్థకు టర్నోవరు పరిమితి 50 కోట్ల నుంచి 100 కోట్ల రూపాయలకు చేరింది. నిన్న మధ్యతరహాలో ఉన్న సంస్థ ఈరోజు చిన్న సంస్థ అయివుండవచ్చు. మీ కాలవ్యవధి ఈ తేదీలను దాటితే పోలిక సమూహమే కదిలిపోతుంది. అందుకే పై ప్రశ్నను 2024-25తో ఆపాను.

ఏ సమాచారం దేనికి పనికొస్తుంది

లెక్కల వైపు మొదట చూడాల్సినవి కంపెనీల వార్షిక నివేదికలు. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం సరఫరాదారులకు చెల్లించాల్సిన బకాయిలలో సూక్ష్మ, చిన్న సంస్థల వాటాను విడిగా చూపాలి. 2021 సవరణ తర్వాత ఆ బకాయిలు ఎంత పాతవో కూడా పట్టికగా ఇవ్వాలి. ఇది చూసి సంబరపడిన పరిశోధకులు కొందరు అక్కడే పొరబడతారు. ఆ పట్టికలో మొదటి గడి "ఏడాది లోపు". 45 రోజుల గడువు దాటిందా లేదా అన్న ప్రశ్నకు ఏడాది పొడవున్న గడి ఏ జవాబూ చెప్పదు.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. 43బి(హెచ్) కింద గడువు దాటినా అదే ఆర్థిక సంవత్సరంలో చెల్లిస్తే ఖర్చు అదే ఏడాది లెక్కకు వస్తుంది. అంటే జూన్‌లో వచ్చిన బిల్లును ఫిబ్రవరిలో చెల్లించిన కంపెనీకి ఈ క్లాజు వల్ల నష్టం లేదు. అందుచేత కంపెనీలు మార్చి నెలాఖరులో బకాయిలు తుడిచేసి, మిగతా పదకొండు నెలలు పాత పద్ధతిలోనే నడవవచ్చు. మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్‌ను మాత్రమే కొలిచే పరిశోధకుడికి చట్టం అద్భుతంగా పనిచేసినట్లు కనిపిస్తుంది. ఆగస్టులో షెడ్డు యజమానికి మాత్రం ఏమీ మారలేదు. ఈ పొరపాటును తప్పించడానికి రెండు దారులున్నాయి. 45 రోజులు దాటిన బకాయిలున్న కంపెనీలు ఆరు నెలలకోసారి కార్పొరేట్ వ్యవహారాల శాఖకు సమర్పించే ఎంఎస్‌ఎంఈ ఫారం-1ను, ముఖ్యంగా సెప్టెంబరుతో ముగిసే అర్ధ సంవత్సరానిది, చూడడం ఒకటి. షెడ్డుల్లోని అసలు బిల్లుల తేదీలను సేకరించడం రెండోది. రెండోదే కష్టం, రెండోదే విలువైనది. ఇరవై సంస్థల నుంచి ముప్పై చొప్పున బిల్లుల తేదీలు నిజాయతీగా సేకరిస్తే, అయిదు వందల మందికి పంచిన ప్రశ్నావళి కంటే ఎక్కువ తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

యజమానులను ప్రశ్నలు అడిగే తీరులోనూ జాగ్రత్త ఉండాలి. "సాధారణంగా ఎన్ని రోజులకు చెల్లిస్తారు?" అని అడిగితే మనసులోని కోపమో మొహమాటమో జవాబుగా వస్తుంది. "చివరి మూడు బిల్లులు తీయండి, ఏది ఎప్పుడు వచ్చింది?" అని అడిగితే తేదీలు వస్తాయి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, సంతకానికి ముందు చదివి వినిపించాలి. సంస్థ పేరు తీసేస్తే గోప్యత దక్కినట్టేనని అనుకోకూడదు. ఫలానా విడిభాగాన్ని ఆ పేటలో ఒకే షెడ్డు చేస్తుంటే, ఆ విడిభాగం పేరు రాసినా ఎవరో తెలిసిపోతుంది. మీ థీసిస్ చదివి కొనుగోలుదారు ఆర్డరు ఆపేస్తే ఆ నష్టాన్ని మీరు పూడ్చలేరు. విశ్వవిద్యాలయ ఎథిక్స్ కమిటీకి పెట్టుకునే దరఖాస్తులో ఈ ప్రమాదాన్ని మీరే ముందుగా రాసి, దానికి ఏం చేస్తారో చెప్పండి.

సమాచార హక్కు చట్టాన్ని ఆలోచించి వాడండి. "కౌన్సిల్ పనితీరు ఎందుకు బాగోలేదు?" అన్న ప్రశ్నకు జవాబివ్వాల్సిన బాధ్యత అధికారికి లేదు, రికార్డులో ఉన్నది అడిగితే ఇవ్వాలి. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు దాఖలైన ప్రతి దరఖాస్తు సంఖ్య, దాఖలు తేదీ, క్లెయిము మొత్తం, పరిష్కార తేదీ ఉన్న రిజిస్టరు ప్రతి" అని అడగండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంది. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపై 90 రోజుల్లో రెండో అప్పీలు. ఈ లెక్కను మీ పని ప్రణాళికలో మొదటి నెలలోనే వేసుకోవాలి, చివరి ఏడాదిలో కాదు. ఆలస్య చెల్లింపులపై ఫిర్యాదుల కోసం 2017 అక్టోబరులో మొదలైన సమాధాన్ పోర్టల్‌లో రాష్ట్రాలవారీ దరఖాస్తుల సంఖ్యలు కనిపిస్తాయి. అవి దిశ చూపడానికి పనికొస్తాయి.

తీర్పులు చదివే పద్ధతి

సుప్రీంకోర్టు తీర్పులను వరుసగా సంక్షేపించడం పరిశోధన కాదు. ఒక్కో తీర్పు వ్యాపారి ప్రవర్తనను ఎటు నెడుతుందో చెప్పగలగాలి. 2021లో శిల్పి ఇండస్ట్రీస్ కేసులో కోర్టు రెండు మాటలు చెప్పింది: కౌన్సిల్ ముందు కొనుగోలుదారు ఎదురు క్లెయిము వేయవచ్చు, ఒప్పందం కుదిరిన తర్వాత 2006 చట్టం కింద నమోదు చేయించుకుని పాత లావాదేవీలకు చట్టం ప్రయోజనం కోరడం కుదరదు. 2022లో మహాకాళీ ఫుడ్స్ కేసులో, పార్టీల మధ్య వేరే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) ఒప్పందం ఉన్నా 2006 చట్టమే పైచేయి అని చెప్పింది. నమోదు సమయం గురించిన ప్రశ్న 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో మళ్లీ లేచి విస్తృత ధర్మాసనం పరిశీలనకు వెళ్లింది. థీసిస్ రాస్తుండగానే కాళ్ల కింద నేల కదలడం అంటే ఇదే. మరో కదలిక కూడా ఉంది: 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో తెచ్చిన 2025 చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1; అందులో సెక్షన్ల సంఖ్యలు వేరు కనుక పాత, కొత్త సంఖ్యలు రెండూ ఇవ్వండి. ఏ తేదీ వరకు ఉన్న చట్టాన్ని పరిగణించారో మొదటి అధ్యాయంలోనే ప్రకటించండి.

సుప్రీంకోర్టు దగ్గరే ఆగకుండా హైకోర్టు రిట్లు, కమర్షియల్ కోర్టుల్లో కౌన్సిల్ అవార్డులను (తుది ఉత్తర్వులను) సవాలు చేసిన కేసులు చూడాలి. 75 శాతం డిపాజిట్ షరతు నిజంగా అడ్డుకుంటోందా, లేక కొనుగోలుదారులు రిట్ దారిలో దాన్ని దాటుకుంటున్నారా అన్నది అక్కడే తెలుస్తుంది.

చేరే చోటు, గైడ్, గడువులు

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పనికి తలుపులు తక్కువేమీ కాదు. శామీర్‌పేటలో 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంతోపాటు మేనేజ్‌మెంట్ విభాగం కూడా ఉంది. విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల న్యాయ కళాశాలలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని ఆర్థికశాస్త్ర, మేనేజ్‌మెంట్ విభాగాలు, బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) ఉన్నాయి. ప్రజావిధానాన్నే ప్రధానంగా చదవదలచుకుంటే బెంగళూరులోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2014లో ప్రారంభించిన పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో భారతీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ పాలసీ ఉంది. పేరును బట్టి కాక, ఆ విభాగంలో గత అయిదేళ్లలో వచ్చిన థీసిస్‌లను శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో తెరిచి చూసి నిర్ణయించుకోండి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠంగా ఆరేళ్లు. కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు. ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించి ఉండకూడదు. సీటు అడిగే ముందే గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో కనుక్కోవడం ఇందుకే. 2024 నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) మార్కులను పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా వాడుతున్నారు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. సహ పర్యవేక్షకుడికి నిబంధనల్లో చోటుంది. న్యాయశాస్త్ర గైడ్ ఉన్నవారు కామర్స్ లేదా ఆర్థికశాస్త్రం నుంచి, కామర్స్ గైడ్ ఉన్నవారు న్యాయశాస్త్రం నుంచి ఒకరిని అడగండి. ఈ పని చేరిన మొదటి సెమిస్టర్‌లోనే జరగాలి. మూడో ఏడాదిలో రెండో గైడ్ వస్తే ఆయన మొదట పడగొట్టేది మీ పరిశోధన పద్ధతినే.

రాసేటప్పుడు "చట్టపరమైన అంశాలు", "వ్యాపార అంశాలు", "విధానపరమైన అంశాలు" అని మూడు అధ్యాయాలుగా విడదీయడం మానండి. బిల్లు ప్రయాణాన్ని బట్టి అధ్యాయాలు పెట్టుకుంటే మూడు శాస్త్రాలూ ప్రతి అధ్యాయంలో కలిసే వస్తాయి: సరుకు అంగీకారం, గడువు, ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం, కౌన్సిల్, సొమ్ము రాక. ఇతరుల రాతలతో మీ పాఠం పోలికల శాతం 10 దాటితే 2018 యూజీసీ నిబంధనల కింద చర్యలు మొదలవుతాయి కనుక సెక్షన్ల పాఠాన్ని పేజీల కొద్దీ ఎత్తి రాయకండి.

ఫలితాన్ని చేర్చాల్సిన చోటికి చేర్చడం కూడా పరిశోధనలో భాగమే. 2014లో కేంద్రం ఆమోదించిన ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల అభిప్రాయం కోసం ఉంచాలి. పార్లమెంటరీ స్థాయీ సంఘాలూ వినతులు కోరుతుంటాయి. ఆ ప్రకటన వచ్చిన రోజున కొత్తగా రాయడం మొదలుపెడితే సమయం చాలదు. ఏ సెక్షన్‌లో ఏ మాట మారాలో, దానికి మీ పట్టికలలో ఏది ఆధారమో చెప్పే రెండు పేజీల నోట్‌ను ముందే సిద్ధం చేసుకోండి. మన ఉదాహరణలో అయితే, పన్ను మినహాయింపును మార్చి 31 నాటి బకాయితో కాక ఒక్కో బిల్లు గడువుతో ముడిపెట్టాలా అన్నది ఆ నోట్‌లో మొదటి వాక్యం కావచ్చు.

అదే నోట్‌ను తెలుగులో రాసి, చక్రవడ్డీ లెక్క, చలాన్ మీద అంగీకార తేదీ వేయించుకోవాల్సిన అవసరం స్పష్టంగా పెట్టి, బిల్లుల ఫైలు తెరిచి చూపించిన ప్రతి షెడ్డు యజమానికీ స్వయంగా ఇచ్చి రండి. వైవా అయ్యేదాకా ఆగనక్కర లేదు.